పౌరసత్వ ఇంటర్వ్యూకు ముందు ఇంట్లో సరిచూసుకోవలసిన కాగితాలు
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విద్య గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. ఆ విషయం ఈ సభలో ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. నేను ఈసారి చదువు అయిపోయాక ఇంట్లో మిగిలిపోయే కాగితాల గురించి చెబుతాను. పదో తరగతి మెమో, టీసీ, పుట్టిన సర్టిఫికెట్టు, నికాహ్‌నామా, గడువు తీరిన పాస్‌పోర్టు. ఇవి బీరువాలో ఉన్నంతకాలం ఎవరికీ పట్టవు. అబ్బాయి అమెరికాలో పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకుని, ఇంటర్వ్యూ తేదీ వచ్చాక, ఒక అర్ధరాత్రి కడపకు ఫోను వస్తుంది. ‘అమ్మీ, నా పుట్టిన సర్టిఫికెట్టులో నాన్న పేరు ఎట్లా రాసినారో కొంచెం చూసి చెప్పు’ అని. అప్పుడు ఇల్లంతా లైట్లు వేసి వెతుకుతాం.

మన జిల్లా నుంచి బయటి దేశాలకు పోవడం కొత్త కాదు. కువైట్‌కు పోయినవాళ్లు లేని వీధి కడపలో గానీ రాయచోటిలో గానీ తక్కువ. కాని కువైట్‌లో ఎన్నేళ్లు కష్టపడినా అక్కడి పౌరసత్వం మాట దాదాపు రాదు. కాగితం అంటే అకామా, అది అయిపోతే ఇంటికి. అమెరికా లెక్క వేరు. మన పిల్లలు ఇంజనీరింగ్ చదివి, అక్కడ ఎమ్మెస్ చేసి, ఉద్యోగం చూసుకుని, ఏళ్ల తరబడి గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూసి, చివరికి ఈ మెట్టు దగ్గరికి వస్తారు. పెళ్లి ద్వారా వెళ్లిన ఆడపిల్లలూ, పిల్లల దగ్గరికి చేరిన తల్లిదండ్రులూ ఉన్నారు. ఈ హాల్లోనే అలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి కాబట్టి విషయం మనకు దూరమైనది కాదు.

ముందు పద్ధతి రెండు మాటల్లో చెబుతాను. గ్రీన్‌కార్డు వచ్చిన 5 ఏళ్లకు, అమెరికా పౌరుణ్ణి గానీ పౌరురాలిని గానీ పెళ్లాడి వారితో కలిసి కాపురం ఉంటే 3 ఏళ్లకు, ఎన్-400 అనే ఫారం పెట్టుకోవచ్చు. 5 ఏళ్ల లెక్కలో కనీసం 30 నెలలు ఆ దేశంలోనే ఉండాలి. వేలిముద్రలు తీసుకుంటారు, తర్వాత ఇంటర్వ్యూకు పిలుస్తారు. అధికారి చేయి ఎత్తించి ప్రమాణం చేయిస్తాడు. ఇంగ్లీషు చదివిస్తాడు, రాయిస్తాడు, ఆ దేశ చరిత్ర మీదా ప్రభుత్వం మీదా ప్రశ్నలు అడుగుతాడు. ఎన్నో ఏళ్లు 100 ప్రశ్నల జాబితా ఉండేది, అందులోంచి 10 అడిగితే 6 చెప్పాలి. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు చేసినవాళ్లకు జాబితా 128కి పెరిగింది, 20 అడిగితే 12 చెప్పాలి. పెద్దవాళ్లకు కొంత వెసులుబాటు ఉంది. వయసు 50 దాటి గ్రీన్‌కార్డు మీద 20 ఏళ్లు ఉన్నవాళ్లు, 55 దాటి 15 ఏళ్లు ఉన్నవాళ్లు ఇంగ్లీషు పరీక్ష రాయనక్కర్లేదు. దుబాసీని పెట్టుకుని ఉర్దూలోనో తెలుగులోనో జవాబు చెప్పవచ్చు.

మనవాళ్లు ఈ ప్రశ్నలకు ఎంసెట్‌కు చదివినట్టు చదువుతారు. అందులో తప్పేవాళ్లను నేను పెద్దగా చూడలేదు. చిక్కు వచ్చేది ఫారం దగ్గర. ప్రశ్నలు అయిపోయాక అధికారి ఆ ఫారాన్ని ముందేసుకుని, మీరు రాసిన ఒక్కో జవాబునూ మళ్లీ మీ నోటితో చెప్పిస్తాడు. మీరు గ్రీన్‌కార్డు కోసం, వీసా కోసం ఎప్పుడో ఇచ్చిన కాగితాలన్నీ ఆయన దగ్గర ఫైలులో ఉంటాయి. అప్పుడు రాసినదీ ఇప్పుడు చెబుతున్నదీ పక్కపక్కన కనిపిస్తాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ ఫారం చివరి భాగంలో ఇంటర్వ్యూ రోజున పెట్టవలసిన సంతకం ఒకటి ఉంది. ఈ దరఖాస్తూ, ఫలానా నంబరు నుంచి ఫలానా నంబరు వరకు చేసిన దిద్దుబాట్లూ నిజమని ప్రమాణం చేస్తున్నాను అని దాని అర్థం. దిద్దుబాట్లకు నంబర్లు వేసే చోటు ఫారంలోనే అచ్చయి ఉంది. అంటే జనం మరిచిపోతారనీ, తప్పు రాస్తారనీ, సరిచేస్తారనీ వాళ్లు ముందే అనుకున్నారు. మనవాళ్లు మాత్రం ఒకసారి రాసి పంపాక ఇక దాన్ని ముట్టుకోకూడదనుకుంటారు. తప్పు కనబడినా ‘కదిలిస్తే ఏమవుతుందో, వాళ్లు అడగకపోతే మనమెందుకు చెప్పాలి’ అని ఊరుకుంటారు. నా దృష్టిలో అన్నిటికన్నా చెడ్డ సలహా అదే, అది ఎక్కువగా ఇచ్చేది మన ఇళ్లలోని పెద్దవాళ్లమే.

ఎందుకు చెడ్డదో చెబుతాను. ప్రమాణం చేసి, ప్రయోజనం కోసం అబద్ధం చెప్పినవారికి సత్ప్రవర్తన లేదని ఆ దేశపు చట్టం అంటుంది. సత్ప్రవర్తన లేదంటే పౌరసత్వం లేదు. అదే మనిషి, అవతలివాళ్లు బయటపెట్టకముందే, ఆలస్యం చేయకుండా, తనంతట తాను సరిదిద్దుకుంటే దాన్ని అబద్ధం కింద కట్టకుండా చూసే పద్ధతి కూడా ఉంది. విషయం ఒకటే. ఎవరు ముందు ఎత్తారన్నది తేడా.

నాకు తెలిసిన ఒక కుటుంబంలో జరిగింది. ఆ అమ్మాయికి మొదట ఒకచోట నికాహ్ అయింది. అబ్బాయి వీసా వచ్చాక రుఖ్‌సతీ పెట్టుకుందామనుకున్నారు. కొన్ని నెలల్లోనే మాటామాటా పెరిగి ఖులాతో ముగిసింది. అమ్మాయి అత్తగారింటి గడప తొక్కలేదు కాబట్టి అది పెళ్లి కిందికి రాదని పెద్దలు తీర్మానించుకున్నారు. తర్వాత అమెరికా సంబంధం కుదిరింది. కొత్త అల్లుడికి సంగతి చెప్పే చేశారు, అందులో దాపరికం లేదు. కాని వీసా కాగితాల్లో ఇదే మొదటి పెళ్లి అని రాసేశారు. ఏళ్లు గడిచి ఎన్-400 వంతు వచ్చింది. ఎన్నిసార్లు పెళ్లయింది అనే ప్రశ్నకు అలవాటుగా ఒకటి అనే రాసి పంపింది. ఇంటర్వ్యూకు తయారవుతూ ఫారం మళ్లీ చదువుకుంటుంటే ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయింది. మన షరీఅత్ ప్రకారమైనా, వాళ్ల చట్టం ప్రకారమైనా నికాహ్ అయితే పెళ్లి అయినట్టే. రుఖ్‌సతీ మన ఆచారం.

భార్యాభర్తలు ఇమిగ్రేషన్ లాయరును కలిశారు. జరిగినది జరిగినట్టు రాసి సంతకం చేసిన కాగితం ఒకటి, ఖులానామా, దాని ఇంగ్లీషు అనువాదం తీసుకుని వెళ్లమని ఆయన చెప్పాడు. ఇక్కడ కడపలో తల్లి ఆ ఖులానామా కోసం పడిన తిరుగుడు నేను చూశాను. ఇంట్లో ఉన్న ప్రతిని ఎప్పుడో కోపంలో చింపేశారు. ఖాజీ గారి రిజిస్టరులో ఉన్నది కాబట్టి నకలు దొరికింది. ఇంటర్వ్యూలో ప్రమాణం అయిన వెంటనే ఆ అమ్మాయే ముందుగా, నా ఫారంలో ఒక దిద్దుబాటు ఉంది అని చెప్పింది. అధికారి చాలాసేపు అడిగాడు. మొదట ఎందుకు రాయలేదని గట్టిగానే అడిగాడు. ఆ రోజు నిర్ణయం చెప్పలేదు, మరికొన్ని కాగితాలు పంపమన్నాడు. కొన్ని నెలల తర్వాత ప్రమాణ స్వీకారానికి పిలుపు వచ్చింది.

అందరికీ ఇలాగే ముగుస్తుందని నేను అనను. ఆ అమ్మాయి విషయంలో ఖులా ముందు, రెండో నికాహ్ తర్వాత జరిగాయని తేదీలతో కాగితం ఉంది. అది లేకపోతే రెండో పెళ్లే చెల్లదనే ప్రశ్న వచ్చి, గ్రీన్‌కార్డుకే ముప్పు వచ్చేది. ఒకే కాలంలో ఇద్దరితో పెళ్లి బంధంలో ఉన్నారా అని కూడా ఆ ఫారం సూటిగా అడుగుతుంది. కాబట్టి పాత పెళ్లి, అరెస్టు, కేసు, వెనక ఇచ్చిన తప్పుడు సమాచారం, దేశం బయట 6 నెలలకు పైగా ఉన్న ప్రయాణం, వీటిలో ఏది ఉన్నా ఫారం పంపకముందే అక్కడి లైసెన్సు ఉన్న లాయరును అడగాలి. దరఖాస్తు పెట్టడమంటే పాత ఫైలు మొత్తం మళ్లీ తెరిపించడం. వాట్సాప్‌లో వచ్చే సలహాలతో, ఇక్కడి ఏజెంట్ల మాటలతో ఆ పని చేయకండి.

ఇక పేర్ల సంగతి. ఇది మన సమాజానికి ప్రత్యేకమైన తలనొప్పి. మన పేరు మూడు లిపులు దాటుతుంది. ఖాజీ గారి దగ్గర ఉర్దూలో, రేషన్‌కార్డులో తెలుగులో, పాస్‌పోర్టులో ఇంగ్లీషులో. దాటిన ప్రతిసారీ ఒక అక్షరం జారిపోతుంది. షేక్ అనే మాట ఒకచోట పూర్తిగా, ఒకచోట ఎస్‌కే అని, ఇంకొకచోట ఎస్ అనే పొడి అక్షరం. మహబూబ్ బాషాను ఎన్ని రకాలుగా రాస్తారో హాజరు పట్టీ చూస్తే తెలుస్తుంది. బాషా కొన్నిచోట్ల పాషా అవుతాడు. తల్లి పేరు పిల్లవాడి సర్టిఫికెట్టులో హుస్సేనమ్మ, ఆమె ఆధార్‌లో హుస్సేన్ బీ. మనకు ఇద్దరూ ఒకరే. అమెరికా అధికారికి ఇద్దరు ఆడవాళ్లు.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినవాళ్లకు ఇంకొక చిక్కు. వీసాలో ఉన్న ఒక్క పేరునూ ఇంటిపేరు గడిలో వేసి, అసలు పేరు ఉండవలసిన చోట ఎఫ్‌ఎన్‌యూ అని కొడతారు. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. అక్కడ బ్యాంకులో, ఆసుపత్రిలో మన ఆడపిల్లలను అదే పేరుతో పిలుస్తారు. ఎన్-400లో పేరు మార్చుకోవడానికి ఒక గడి ఉంది. కోర్టు జరిపించే ప్రమాణ స్వీకారంలో ఆ మార్పు చట్టబద్ధంగా జరిగిపోతుంది. కాబట్టి అది ఎఫ్‌ఎన్‌యూను వదిలించుకునే మంచి అవకాశం. ఇప్పటిదాకా వాడిన పేర్లన్నీ, పెళ్లికి ముందు పేరుతో సహా, ఫారంలో రాయాలి. పేర్లు ఎక్కువగా ఉండటం నేరం కాదు.

పుట్టిన తేదీ దీనికంటే గట్టిది. మన పాత తరంలో బడిలో చేర్చేటప్పుడు వయసు సరిపెట్టడానికి జూన్ నెలలోనో జూలైలోనో ఏదో ఒక తేదీ వేసే అలవాటు ఉండేది. పదో తరగతి సర్టిఫికెట్టులో ఒక తేదీ, మున్సిపల్ రిజిస్టరులో ఇంకొక తేదీ. దీనికి తోడు అమెరికాలో నెల ముందు, రోజు తర్వాత రాస్తారు. మన ఆగస్టు 5 అక్కడ మే 8గా చదువుకోవచ్చు. పౌరసత్వ పత్రం మీద తేదీ వాళ్ల పొరపాటు వల్ల తప్పుపడితే సరిచేస్తారు. మీరే ప్రమాణం మీద చెప్పిన తేదీ తప్పని తర్వాత అంటే వినరు. సరిచేసుకోవలసిన చివరి చోటు ఆ ఇంటర్వ్యూ బల్లే.

ఊరి పేరు కూడా అడ్డం తిరుగుతుందంటే మీరు నవ్వుతారు. మన ఊరి ఇంగ్లీషు స్పెల్లింగు 2005లో మారింది. అంతకుముందు సీతో మొదలై హెచ్‌తో ముగిసేది, ఇప్పుడు కేతో మొదలై ఏతో ముగుస్తుంది. 2010లో జిల్లాకు వైఎస్సార్ పేరు పెట్టారు. 2022లో రాయచోటి అన్నమయ్య జిల్లాలోకి పోయింది. రాయచోటిలో పుట్టిన అబ్బాయి పాత సర్టిఫికెట్టులో ఒక జిల్లా, కొత్తగా తీసుకున్న నకలులో ఇంకొక జిల్లా. ఇవన్నీ ఒకే చోటని ఒక పేజీలో రాసి దగ్గర పెట్టుకుంటే అడిగినప్పుడు తడబడనక్కర్లేదు.

మరిచిపోయే చిన్న విషయాలు మరికొన్ని ఉన్నాయి. గత 5 ఏళ్లలో 24 గంటలు మించి దేశం బయట ఉన్న ప్రయాణాలన్నీ రాయాలి. ఇండియాకు వచ్చినవి గుర్తుంటాయి, ఉమ్రాకు పోయింది గుర్తుండదు. పాస్‌పోర్టు ముద్రలు పక్కన పెట్టుకుని రాయమనండి. ట్రాఫిక్ పోలీసు రాసిన చీటీ, ఫైన్ కట్టేశాం కదా అని వదిలేస్తారు. దాని గురించి ఫారం ఏమడుగుతోందో చదివి చెప్పాలి. కడపలో నానమ్మ దగ్గర పెరుగుతున్న చిన్నపిల్లలు కూడా పిల్లలే, వాళ్లనూ రాయాలి. ఇల్లు మారితే 10 రోజుల్లో తెలపాలి. ఉర్దూ, తెలుగు కాగితం ఏది ఇచ్చినా మొత్తం ఇంగ్లీషులోకి అనువదించి, ఇది పూర్తిగా సరైనదనీ తనకు రెండు భాషలూ వచ్చుననీ అనువాదకుడు సంతకం చేయాలి. నికాహ్‌నామాలో మెహర్ వివరం మాత్రం అనువదించి మిగతాది వదిలేస్తే కుదరదు.

ఈ దిద్దుబాట్లలో సగం పని అమెరికాలో కాదు, ఇక్కడే ఉంది. మన జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 1969 నాటిది. పుట్టిన 21 రోజుల్లో నమోదు చేయించాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. బిడ్డ పేరు లేకుండా నమోదు చేయించి వదిలేసిన సర్టిఫికెట్లు మన వీధుల్లో ఎన్నో ఉన్నాయి. ఏడాదిలోపు పేరు రుసుము లేకుండా ఎక్కిస్తారు, తర్వాత 15 ఏళ్ల వరకు రుసుముతో. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడికైనా, పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి ఆ సర్టిఫికెట్టే ఆధారం. అదే చట్టంలో నాకు నచ్చిన నిబంధన ఒకటి ఉంది. రిజిస్టరులో తప్పు పడితే అసలు రాతను చెరపకుండా, పక్క మార్జిన్‌లో దిద్దుబాటు రాసి, తేదీ వేసి సంతకం చేయాలి. అక్కడి ఫారంలో దిద్దుబాట్లకు నంబర్లు వేయడమూ, ఇక్కడ మార్జిన్‌లో రాయడమూ ఒకే పద్ధతి. పాత రాత అట్లాగే ఉంటుంది, కొత్తది పక్కన చేరుతుంది. వైట్నర్ పూసి తెచ్చిన కాగితాన్ని మాత్రం ఏ దేశంలోనూ తీసుకోరు.

కువైట్‌లో కాన్పు అయ్యే కుటుంబాలకు ఒక మాట. మన 1955 పౌరసత్వ చట్టం ప్రకారం విదేశంలో పుట్టిన బిడ్డ పుట్టుకను అక్కడి భారత రాయబార కార్యాలయంలో ఏడాదిలోపు నమోదు చేయించాలి. గడువు దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. తల్లిదండ్రులిద్దరూ కడపవాళ్లే అయినా బిడ్డ భారత పౌరసత్వం ఈ నమోదు మీద ఆధారపడి ఉంటుంది. అక్కడి ఆసుపత్రి ఇచ్చిన అరబీ కాగితం పెట్టెలో పెట్టుకుని వచ్చేస్తే చాలదు. అక్షరాల తేడా ఎంత దూరం పోతుందో అస్సాంలో చూశాం. అక్కడ 2019 ఆగస్టు 31న ప్రకటించిన తుది జాబితాలో 19 లక్షల మందికి పైగా పేర్లు లేవు. తాత పేరుకూ తండ్రి కాగితానికీ మధ్య అక్షరాలు కలవక తిరిగినవాళ్లు వాళ్లలో ఉన్నారు.

అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజునే భారత పౌరసత్వం పోతుందన్నది కూడా పిల్లలకు గుర్తుచేయండి. పాస్‌పోర్టు సరెండర్ చేసి ఓసీఐ తీసుకోవాలి. ఓసీఐ ఉన్నా ఇక్కడ వ్యవసాయ భూమి కొనలేరు, ఓటు వేయలేరు. రేషన్‌కార్డులో, ఓటర్ల జాబితాలో పేరు తీయించే పని ఇంట్లో ఉన్నవాళ్లు చూసుకోవాలి.

ఇప్పుడు దాతలను ఒకటి అడుగుతాను. ఎన్-400 రుసుము ఆన్‌లైన్‌లో 710 డాలర్లు, కాగితం మీద అయితే 760. తిరస్కరిస్తే ఆ డబ్బు తిరిగి రాదు, మళ్లీ పెట్టాలంటే మళ్లీ కట్టాలి. ఇక్కడ ఒక అఫిడవిట్‌కు, ఒక నకలుకు, ఒక అనువాదానికి అయ్యే ఖర్చు దానిలో ఏపాటి? మన సొసైటీ ఆఫీసులో ఆదివారం జుహర్ తర్వాత రెండు గంటలు ఒక బల్ల వేద్దాం. ఒక స్కానరు, ఒక జిరాక్సు మిషను చాలు. ఉర్దూ టీచర్లు ఇద్దరు ముగ్గురు నికాహ్‌నామాలు అనువదించడానికి ఒప్పుకున్నారు. బయటి దేశాలతో పనిలేని ఇళ్లకూ ఇది ఉపయోగమే, ఎందుకంటే వితంతు పింఛను దగ్గర కూడా ఇదే అక్షరాల గొడవ. దీని ఖర్చు జకాత్ పద్దులోంచి పెట్టవచ్చా, సదఖాలోంచి పెట్టాలా అన్నది ఉలమాలను అడిగి కమిటీ నిర్ణయించాలి. అప్పును కూడా రాసి, సాక్షులను పెట్టుకొమ్మని చెప్పే ఆయత్ ఖుర్ఆన్‌లోకెల్లా పొడవైనదని మనకు తెలుసు కదా, అట్లాంటి పనికి ఉలమాలు అడ్డు చెబుతారని నేను అనుకోను.

బడి వైపు నుంచి నా వంతు పని కూడా ఉంది. పదో తరగతి పిల్లల నామినల్ రోల్స్ బోర్డుకు పోయేముందు పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ సరిచూసుకోవడానికి తల్లిదండ్రులను పిలుస్తాం. సంతకం పెట్టి వెళ్లిపోకుండా, పుట్టిన సర్టిఫికెట్టూ ఆధారూ వెంట తెచ్చుకుని అక్షరం అక్షరం చూడండి. ఆ రోజున దిద్దడానికి ఒక పెన్ను చాలు, మెమో వచ్చాక విజయవాడ దాకా తిరగాలి. ఈ ఏడు మన సొసైటీ స్కాలర్‌షిప్ తీసుకుంటున్న పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు సభ అయ్యాక వెనక గదిలో కలవండి, జాబితా నా దగ్గర ఉంది.